పేరు తీసేశారు, నిబంధన మిగిలింది: విదేశాంగ విధానంలో స్త్రీ పురుష సమానత్వంపై వాదన

క్లుప్తంగా: విదేశీ వ్యవహారాలను స్త్రీల హక్కులు, ప్రాతినిధ్యం అనే కొలతలతో తూచాలంటూ స్వీడన్ 2014లో మొదలుపెట్టిన ‘స్త్రీవాద విదేశాంగ విధానం’ అనే పేరును ఒక్కో దేశం వదిలేస్తోంది. పేరుతో పాటు పని కూడా పోతోందా అంటే, పూర్తిగా కాదు. చట్టంలోకో, కోర్టు తీర్పులోకో, సర్వీసు నిబంధనల్లోకో ఎక్కిన మార్పు ప్రభుత్వాలు మారినా ఎంతోకొంత నిలుస్తోంది. మంత్రి ప్రసంగం దాటనిది నిలవడం లేదు. భారత్ ఆ పేరు ఎన్నడూ పెట్టుకోలేదు. అయినా అమెరికా నుంచి పిల్లలతో తిరిగొచ్చే తల్లుల విషయంలోనూ, కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ల విషయంలోనూ ఆ వాదన మన నిబంధనల్లో చాలాకాలంగా నడుస్తూనే ఉంది.

ఢిల్లీలో రెండు ప్రెస్‌మీట్లు

2025 అక్టోబరు 10న ఢిల్లీలోని అఫ్గానిస్తాన్ ఎంబసీలో తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తకీ విలేఖరుల సమావేశం పెట్టారు. మహిళా విలేఖరులకు అందులో చోటు దొరకలేదు. కాబూల్‌లోని తన సాంకేతిక బృందం కార్యాలయాన్ని ఎంబసీ స్థాయికి పెంచుతున్నట్టు భారత్ ప్రకటించింది కూడా ఆ రోజే. ప్రెస్‌మీట్‌తో తమకు సంబంధం లేదని విదేశాంగ శాఖ వివరణ ఇచ్చింది. దుమారం రేగాక 12న ఇంకో సమావేశం పెట్టారు. ఈసారి మహిళలను పిలిచారు. వాళ్లు ముందు వరసలో కూర్చుని ఆడపిల్లల చదువు గురించే నిలదీశారు.

పాకిస్తాన్‌తో వైరం, మధ్య ఆసియాకు దారి, ఉగ్రవాదం ఇవన్నీ లెక్కలో ఉన్న ప్రభుత్వానికి కాబూల్‌తో మాట్లాడక తప్పదు. మాట్లాడేటప్పుడు ఆడపిల్లల చదువు ఏ వరసలో ఉండాలన్నదే పేచీ. దాన్ని దేశ ప్రయోజనం కింద రాసుకుంటే బేరంలో ఉంటుంది. విలువ కింద రాసుకుంటే ప్రసంగం చివరి పేరాలో ఉంటుంది. ప్రపంచమంతా పాతికేళ్లుగా జరుగుతున్న చర్చ సారం దాదాపు ఇంతే.

పాశ్చాత్య సరుకేనా?

ఈ ఆలోచన యూరప్ నుంచి దిగుమతి అయిందన్న మాట తరచూ వినబడుతుంది. పుట్టుక చూస్తే అలా లేదు. 2000 మార్చిలో భద్రతా మండలి అధ్యక్ష స్థానంలో ఉన్న బంగ్లాదేశ్ తరఫున అన్వరుల్ కరీం చౌధురి ఈ విషయాన్ని మండలి ముందుకు తెచ్చారు. మే నెలలో నమీబియా రాజధాని విండ్‌హోక్‌లో శాంతి పరిరక్షణ దళాల్లో స్త్రీల పాత్రపై ప్రకటన తయారైంది. అదే ఏడాది అక్టోబరు 31న, నమీబియా అధ్యక్షతన, భద్రతా మండలి 1325వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. యుద్ధంలో స్త్రీలకు రక్షణ, శాంతి చర్చల్లో స్త్రీలకు భాగం అనే రెండు సంగతులను ఒకే పత్రంలో పెట్టిన మొదటి తీర్మానం అది. తర్వాత వందకు పైగా దేశాలు దాని అమలుకు జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసుకున్నాయి. దక్షిణాసియాలో నేపాల్ 2011లోనే రాసింది. బంగ్లాదేశ్, శ్రీలంక ఆ తర్వాత రాశాయి. భారత్ రాయలేదు.

‘స్త్రీవాద విదేశాంగ విధానం’ అన్న పేరు మాత్రం యూరప్‌దే. 2014లో స్వీడన్ విదేశాంగ మంత్రి మార్గట్ వాల్‌స్ట్రోమ్ దాన్ని అధికారికం చేశారు. హక్కులు, ప్రాతినిధ్యం, వనరులు అనే మూడు కొలతలతో రాయబార కార్యాలయాల పనిని తూచాలన్నది ఆమె సూత్రం. విదేశీ సాయం వరకు కెనడా 2017లో ఆ బాట పట్టింది. ఫ్రాన్స్, మెక్సికో, స్పెయిన్, చిలీ, జర్మనీ వెంట నడిచాయి.

తర్వాత వెనకడుగులు మొదలయ్యాయి. 2022 అక్టోబరులో అధికారంలోకి వచ్చిన రోజే స్వీడన్ కొత్త ప్రభుత్వం ఆ పేరును పక్కనపెట్టింది. సమానత్వం తమ విలువగానే ఉంటుందని, పేరు పెట్టడం వల్ల అసలు విషయం మరుగున పడుతోందని అప్పటి విదేశాంగ మంత్రి తోబియాస్ బిల్‌స్ట్రోమ్ వాదించారు. జర్మనీలో 2023 మార్చిలో అప్పటి విదేశాంగ మంత్రి అన్నలేనా బేర్‌బాక్ విడుదల చేసిన మార్గదర్శకాల పేరును 2025లో వచ్చిన ప్రభుత్వం కొనసాగించలేదు. 2025 నవంబరులో కెనడా ప్రధాని మార్క్ కార్నీ తమ విధానాన్ని ఆ మాటతో వర్ణించబోనన్నారు. ఆన్‌లైన్‌లో స్త్రీలపై హింసను నివారించాలన్న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ తీర్మానానికి 2024లో ఒకే ఒక్క వ్యతిరేక ఓటు పడింది. ఆ ఓటు వేసింది అర్జెంటీనా. అంతకు ముందు ప్రభుత్వంలో స్త్రీవాద విదేశాంగ విధానం కోసం ప్రత్యేక ప్రతినిధినే పెట్టుకున్న దేశమది.

ఆయుధాల దగ్గర ఆగిన సూత్రం

ఈ పేరు ఎందుకింత తేలిగ్గా రాలిపోయిందో తెలియాలంటే 2015లో స్వీడన్, సౌదీ అరేబియాల మధ్య జరిగింది చూడాలి. సౌదీలో బ్లాగర్‌కు కొరడా దెబ్బల శిక్షను, అక్కడి స్త్రీల పరిస్థితిని వాల్‌స్ట్రోమ్ బహిరంగంగా తప్పుపట్టారు. మార్చిలో కైరోలో అరబ్ లీగ్ ఎదుట ఆమె చేయాల్సిన ప్రసంగాన్ని సౌదీ అడ్డుకుంది. 2005 నుంచి ఉన్న సైనిక సహకార ఒప్పందాన్ని స్వీడన్ పొడిగించలేదు. సౌదీ తన రాయబారిని వెనక్కి పిలిచి, స్వీడన్ వ్యాపారులకు వీసాలు ఆపేసింది. ఒప్పందాన్ని వదులుకోవద్దంటూ స్వీడన్ కంపెనీల పెద్దలు ముప్పై మందికి పైగా అంతకు ముందే బహిరంగ లేఖ రాసి ఉన్నారు. చివరికి స్వీడన్ రాజు, ప్రధాని రాసిన లేఖలతో దూత రియాద్ వెళ్లాక గొడవ సద్దుమణిగింది.

ఇక్కడ రెండు విషయాలు బయటపడ్డాయి. విదేశాంగ మంత్రి ఒక్కరే పెట్టుకున్న సూత్రానికి వాణిజ్య, రక్షణ శాఖలు కట్టుబడి ఉండవు. సాయం నిధుల మీద స్త్రీవాద ముద్ర వేయడం తేలిక, ఎందుకంటే ఇచ్చేది మన డబ్బే. ఆయుధాల అమ్మకం మీద అదే ముద్ర వేస్తే పోయేది మన ఉద్యోగాలు. ఆయుధాలు కొనే దేశం ప్రజాస్వామ్యమా కాదా అన్నది కూడా చూడాలని స్వీడన్ 2018లో తన ఆయుధ ఎగుమతుల నిబంధనల్లో చేర్చిన మాట దాదాపు ఈ గొడవ కన్న బిడ్డే. విధానం పేరు పోయింది, నిబంధనల్లో ఎక్కిన ఆ మాట ఉంది.

అమెరికాలోనూ ఇలాగే జరిగింది. శాంతి ప్రక్రియల్లో, భద్రతా వ్యవహారాల్లో స్త్రీల భాగస్వామ్యంపై 2017లో కాంగ్రెస్ చేసిన చట్టం మీద సంతకం చేసింది ట్రంపే. 2025 ఏప్రిల్‌లో అదే ట్రంప్ ప్రభుత్వంలో రక్షణ మంత్రి పీట్ హెగ్‌సెత్ సైన్యంలో ఆ కార్యక్రమాన్ని రద్దు చేస్తున్నట్టు గర్వంగా ప్రకటించారు. కానీ అదే ప్రకటనలో, చట్టం తప్పనిసరి చేసిన కనీస పని మాత్రం చేస్తామని కూడా చెప్పాల్సి వచ్చింది. చట్టమంటూ ఉండబట్టే ఆ ‘కనీసం’ మిగిలింది.

35 శాతం లెక్క ఎంత గట్టిది?

స్త్రీలు పాల్గొన్న శాంతి ఒప్పందం పదిహేనేళ్లు నిలిచే అవకాశం 35 శాతం ఎక్కువ అన్న వాక్యం ఈ అంశంపై వచ్చే ప్రతి నివేదికలో కనిపిస్తుంది. 1989 నుంచి 2011 వరకు కుదిరిన 182 ఒప్పందాలను చూసి వేసిన లెక్క అది. లెక్క తప్పు కాకపోవచ్చు, దాన్ని వాడే తీరు మాత్రం బలహీనం. స్త్రీలను చర్చలకు రానిచ్చే దేశాల్లో పౌర సంఘాలు, పత్రికలు, కోర్టులు కూడా కాస్త బలంగానే ఉంటాయి. ఒప్పందాన్ని నిలబెట్టింది వాటిలో ఏదన్నది ఆ ఒక్క శాతంలో తేలదు. పైగా 1992 నుంచి 2019 వరకు జరిగిన పెద్ద శాంతి ప్రక్రియల్లో చర్చలు జరిపినవారిలో స్త్రీలు 13 శాతం, మధ్యవర్తుల్లో, సంతకం చేసినవారిలో 6 శాతం చొప్పునే. ఇంత తక్కువ మందిని పట్టుకుని గట్టి తీర్పు చెప్పడం కష్టం.

అంకెల కంటే కొలంబియా ఉదాహరణ ఎక్కువ చెబుతుంది. ఫార్క్ గెరిల్లాలతో హవానాలో జరిగిన చర్చల్లో 2014లో జెండర్ ఉపసంఘం వేశారు. దాంతో భూమి పంపకంలో స్త్రీల పేరిట పట్టాలు, లైంగిక హింసకు క్షమాభిక్ష లేకపోవడం లాంటివి ఒప్పందంలోకి వచ్చాయి. 2016 అక్టోబరు 2న రెఫరెండంలో ఒప్పందం అర శాతం కంటే తక్కువ తేడాతో ఓడింది. కుటుంబ వ్యవస్థను కూల్చే ‘జెండర్ సిద్ధాంతం’ ఇందులో దాగి ఉందన్న చర్చిల ప్రచారం ఓటమికి ఒక కారణం. నవంబరులో సవరించిన ఒప్పందంలో ఆ భాషను పలచన చేశారు. పట్టాలు, క్షమాభిక్ష షరతులు మాత్రం నిలిచాయి. స్త్రీలను చర్చలకు పిలవడం వల్ల ఒప్పందంలో ఏమేం చేరతాయో, దాని మీద ఎదురుదాడి ఎలా వస్తుందో, ఆ దాడికి మాటలు ఎగిరిపోయి నిబంధనలు ఎలా మిగులుతాయో మూడూ అక్కడ కనబడ్డాయి.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్ చేసుకున్న ఒప్పందం. అందులో స్త్రీల హక్కుల ఊసే లేదు. తర్వాత తాలిబాన్‌తో మాట్లాడిన అఫ్గాన్ బృందంలోని 21 మందిలో నలుగురు స్త్రీలున్నారు. అప్పటికే అసలు బేరం వాళ్లు లేని గదిలో ముగిసింది.

మగవాళ్ల సంగతి

జెండర్ అనగానే స్త్రీలే గుర్తుకు రావడం ఈ చర్చలో పెద్ద లోపం. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేల మందికి పైగా జనాన్ని ఏరి చంపింది వాళ్లు మగవాళ్లు, మగపిల్లలు అన్న కారణంతోనే. 2022లో యుద్ధం మొదలవగానే ఉక్రెయిన్ 18 నుంచి 60 ఏళ్ల మగవాళ్లను సరిహద్దు దాటనివ్వలేదు. నార్వే 2015 నుంచి, స్వీడన్ ఆ తర్వాత, డెన్మార్క్ 2025 జులై నుంచి నిర్బంధ సైనిక సేవను స్త్రీలకూ వర్తింపజేశాయి. సమానత్వం అంటే యుద్ధంలో సమాన వాటానా, యుద్ధం తగ్గించడమా అని స్త్రీవాదుల్లోనే రెండు వర్గాలున్నాయి.

భారత్: పేరు లేదు, చరిత్ర ఉంది

1949లో భారత విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. అప్పటి నిబంధనల ప్రకారం మహిళా అధికారి పెళ్లికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పెళ్లయ్యాక కుటుంబ బాధ్యతలు పనికి అడ్డమని ప్రభుత్వం భావిస్తే రాజీనామా అడగొచ్చు. పెళ్లయిన స్త్రీకి సర్వీసులో నియామకం హక్కు కాదని ఇంకో నిబంధన. ప్రమోషన్ నిరాకరించారని ముత్తమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ప్రమోషన్ ఇచ్చేసింది. దాంతో 1979 సెప్టెంబరులో కోర్టు పిటిషన్ కొట్టేసింది గానీ, జస్టిస్ కృష్ణయ్యర్ అక్కడితో ఆగలేదు. ఇంటి బాధ్యత మగ అధికారికి మాత్రం ఉండదా అని ప్రశ్నించి, వివక్ష ఉన్న సర్వీసు నిబంధనలన్నీ సవరించమన్నారు. చోకిలా అయ్యర్, నిరుపమా రావు, సుజాతా సింగ్ విదేశాంగ కార్యదర్శులు కాగలగడం వెనుక ఓడిపోయిన ఆ పిటిషన్ ఉంది. సైన్యంలో మహిళా అధికారులకు శాశ్వత కమిషన్ (పదవీ విరమణ దాకా కొనసాగే అవకాశం) కూడా 2020 ఫిబ్రవరిలో కోర్టు తీర్పుతోనే వచ్చింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ వివరాలను దేశానికి చెప్పిన కల్నల్ సోఫియా ఖురేషి పేరు ఆ తీర్పులోనే ఉంది.

శాంతి పరిరక్షణలో భారత్ 2007లోనే లైబీరియాకు పూర్తిగా మహిళలతో కూడిన పోలీసు దళాన్ని పంపింది. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. సీఆర్‌పీఎఫ్ మహిళలు 2016 దాకా అక్కడ పనిచేశారు. మరి జాతీయ ప్రణాళిక ఎందుకు రాయడం లేదు? భద్రతా మండలి తన ఎజెండాలోని యుద్ధాలకే ఈ అంశాన్ని పరిమితం చేయాలన్నది భారత్ వైఖరి. ప్రణాళిక రాస్తే కశ్మీర్, ఈశాన్య రాష్ట్రాల పరిస్థితి, సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం అంతర్జాతీయ సమీక్షకు వస్తాయన్న జంకు దాని వెనుక ఉందని చెప్పవచ్చు. సైనికులపై వచ్చే లైంగిక హింస ఆరోపణలను సాధారణ క్రిమినల్ చట్టం కిందికి తేవాలని 2013లో జస్టిస్ వర్మ కమిటీ సిఫారసు చేసింది. అది అలాగే ఉండిపోయింది. బయట పంపే దళంలో స్త్రీలను లెక్కపెట్టడం ప్రభుత్వాలకు సులువు, లోపలి దళం ప్రవర్తనను లెక్కలోకి తేవడం కష్టం. ఈ విషయంలో భారత్ ప్రత్యేకమేమీ కాదు.

హేగ్ ఒప్పందం: అమెరికా తెలుగు ఇళ్లకు తెలిసిన పేచీ

తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డను ఇంకో దేశానికి తీసుకెళ్లిపోతే, బిడ్డ మామూలుగా ఉంటూ వచ్చిన దేశానికి త్వరగా తిప్పి పంపాలని 1980 హేగ్ ఒప్పందం చెబుతుంది. ఎవరి దగ్గర పెరగాలన్నది అక్కడి కోర్టు తేలుస్తుంది. ఒప్పందం రాసేనాటికి బిడ్డను ఎత్తుకుపోయేది తండ్రే అన్న ఊహ ఉండేది. ఇవాళ ఎక్కువ కేసుల్లో తీసుకెళ్లేది తల్లే.

హెచ్1బీ భర్త మీద ఆధారపడిన హెచ్4 వీసాతో ఉన్న భార్యకు విడాకులైతే అక్కడ ఉండే హక్కే పోతుంది. ఉద్యోగానుమతి కూడా 2015 నుంచి, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే. కొట్టే భర్త నుంచి తప్పించుకుని బిడ్డతో హైదరాబాదు విమానమెక్కిన తల్లి ఈ ఒప్పందం ప్రకారం అపహరణ చేసినట్టే. బిడ్డను తిప్పి పంపితే, ఆమె వీసా లేక, లాయరుకు డబ్బు లేక అక్కడ కేసు నడపలేదు. ఈ కారణంతోనే భారత్ చేరలేదు. 2009లో లా కమిషన్ చేరమంది. 2018లో జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ వద్దంది. అమెరికా విదేశాంగ శాఖ మాత్రం భారత్‌ను సహకరించని దేశాల జాబితాలో పెడుతూ వస్తోంది. హక్కుండీ బిడ్డను చూడలేకపోతున్న తండ్రులూ, తల్లులూ అటువైపు ఉన్నారు, వాళ్ల గోడు కల్పితం కాదు. స్త్రీవాదమన్న మాట ఎత్తకుండానే భారత్ ఒక అంతర్జాతీయ ఒప్పందాన్ని స్త్రీల కోణంలో తూచి, అగ్రరాజ్యంతో పేచీకి సిద్ధపడిన సందర్భం ఇది.

కువైట్: రక్షణ పేరుతో కట్టడి

ఇదే ప్రభుత్వం చదువు లేని పేద స్త్రీ విషయంలో వేరే దారి పట్టింది. పదో తరగతి పాసవని వాళ్లకు పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర పడుతుంది. 1983 వలసల చట్టం కింద వాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. స్త్రీ అయితే, ఇంటిపనికి వెళ్లాలంటే, 30 ఏళ్లు నిండాలి. మగవాడికి ఆ షరతు లేదు. 2016లో ఇంకో అడుగు వేసి, ఇలాంటి స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అలాంటివే. ఇంటి మనిషిని పెట్టుకునే కువైటీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని కూడా భారత్ కొంతకాలం పట్టుబట్టింది. కువైట్ ఒప్పుకోలేదు, యజమానులు వేరే దేశాల వాళ్లను చూసుకున్నారు, 2017లో ఆ షరతు ఎత్తేయాల్సి వచ్చింది.

ఉద్దేశం రక్షణే. ఖద్దామా (ఇంటి పనిమనిషి) పనికి పోయి, పాస్‌పోర్టు కఫీల్ (వీసా ఇప్పించే యజమాని) చేతిలో పెట్టి, జీతం రాక ఎంబసీకి పారిపోయిన ఆడవాళ్ల కథలు రాజంపేట, రాయచోటి వైపునా, కోనసీమలోనూ కొత్తవి కావు. అయితే కట్టడి వల్ల ప్రయాణం ఆగదు, దారి మారుతుంది. 26 ఏళ్ల ఆమెను సబ్ ఏజెంటు విజిట్ వీసా మీద, ఒక్కోసారి మూడో దేశం మీదుగా పంపిస్తాడు. అప్పుడామె పేరు ప్రభుత్వ వలస రికార్డయిన ఈమైగ్రేట్‌లో ఉండదు. ఎంబసీ చూపించి అడగడానికి కాంట్రాక్టు ఉండదు, ప్రవాసీ బీమా ఉండదు. ఏ స్త్రీకి రక్షణ ఎక్కువ అవసరమో ఆమే నిబంధన వల్ల లెక్క బయటికి పోతుంది. కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకు వారానికో సెలవు, రోజుకు 12 గంటల పరిమితి, ఏడాదికి 30 రోజుల సెలవు ఇస్తుంది. 2021 జూన్‌లో భారత్, కువైట్ మధ్య ఇంటి పనివాళ్లపై అవగాహన ఒప్పందం కూడా కుదిరింది. రెండూ సక్రమంగా వెళ్లిన మనిషికే సులభంగా అందుతాయి.

ఫిలిప్పీన్స్‌ది ఇదే కష్టం, లెక్క వేరు. 1995 మార్చిలో తమ దేశపు ఇంటి పనిమనిషిని సింగపూర్ ఉరితీశాక దేశం అట్టుడికింది. ఆ ఏడాదే చేసిన వలస కార్మికుల చట్టంలో, వలస విధానాలన్నిటిలో స్త్రీల ప్రత్యేక పరిస్థితిని పరిగణించాలని రాశారు. స్వీడన్ కంటే 19 ఏళ్లు ముందు! 2018లో కువైట్‌లో తమ మహిళ హత్య బయటపడగానే కార్మికులను పంపడం ఆపేసి, ఆ ఏడాది మేలో ఒప్పందం సాధించి మళ్లీ తెరిచారు. నిషేధం వాళ్లూ వాడారు గానీ, బేరం కోసం వాడారు. మన వయసు నిబంధన ఎవరితోనూ బేరం కాదు, కఫీల్ మీద దాని బరువు పడదు, వెళ్లే మనిషి మీదే పడుతుంది. ఫిలిప్పీన్స్ విధానం దోషం లేనిదేమీ కాదు. 2020లోనూ 2023లోనూ కువైట్‌తో మళ్లీ తగువు వచ్చింది, ఒక దశలో కువైటే వాళ్లకు వీసాలు ఆపేసింది. బేరమాడితే ఆ ఖర్చు ఉంటుంది. ఇంటి పనివాళ్ల హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందాన్ని ఫిలిప్పీన్స్ ఆమోదించింది, భారత్ ఇంకా ఆమోదించలేదు. ఇంట్లో పనిమనిషికి చట్టం రాయని దేశం బయట కఫీల్‌ను గట్టిగా అడగలేదన్న విమర్శకు ఢిల్లీ దగ్గర సరైన జవాబు లేదు.

1983 చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం విదేశాంగ శాఖ 2025 అక్టోబరులో ముసాయిదా బిల్లు విడుదల చేసి అభిప్రాయాలు అడిగింది. 30 ఏళ్ల నిబంధన ఉన్నది చట్టం పాఠంలో కాదు, దాని కింద జారీ అయిన ఉత్తర్వుల్లో. అందుకే పార్లమెంటులో బిల్లు మీద ఎంత చర్చ జరిగినా ఆ వయసు ప్రస్తావన రాకుండానే గడిచిపోవచ్చు. అది ఉందో పోయిందో తేలేది ఆ తర్వాత వచ్చే ఉత్తర్వుల్లోనే.